గంజాయి కేసులో రిమాండులో ఉన్న తమ్ముడికి చికిత్స దొరుకుతుందా? కేసు ఏమవుతుంది?

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. మీ తమ్ముడికి 23 ఏళ్లు, బీటెక్ మధ్యలో వదిలేసి హైదరాబాద్‌లో స్నేహితులతో రూములో ఉంటున్నాడు. ఆరు రోజుల కిందట పోలీసులు ముగ్గురినీ పట్టుకున్నారు. పంచనామాలో గంజాయి 800 గ్రాములని రాశారు, మూత్ర పరీక్ష పాజిటివ్ వచ్చింది, రిమాండుకు పంపారు. మీరు ములాఖత్‌కు వెళ్తే చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి, నాలుగు రాత్రులుగా నిద్ర లేదన్నాడు. మీ నాన్నగారేమో "నాలుగు నెలలు లోపలుంటే వాడికే బుద్ధొస్తుంది, బెయిల్ గియిల్ వద్దు" అంటున్నారు. లోపల ఉండగా చికిత్స దొరుకుతుందా, చికిత్స తీసుకుంటే కేసు పోతుందంటున్నారు నిజమేనా అని మీరు అడిగారు.

నేను ప్రభుత్వ ఆస్పత్రి డీ-అడిక్షన్ వార్డులోనూ, జైళ్లలోనూ చాలా ఏళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. లాయరును కాను. సెక్షన్ల గురించి నేను చెప్పేవి కోర్టుల్లో లాయర్ల పక్కన నిలబడి నేర్చుకున్నవి, కాబట్టి మీ లాయరుతో ఒకసారి సరిచూసుకోండి.

ముందు ఆ వణుకు సంగతి చూడాలి. బెయిల్ కన్నా ఇది అర్జెంటు.

రోజూ గంజాయి తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో చిరాకు మొదలవుతుంది. ఆకలి చచ్చిపోతుంది, నిద్ర పట్టదు, పట్టినా పీడకలలు. కొద్దిగా వణుకు, చెమట కూడా ఉండొచ్చు. మొదటి వారంలో ముదిరి, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. నరకంలాగే ఉంటుంది కానీ ప్రాణం మీదకు రాదు. మద్యం, నిద్రమాత్రలు అలా కాదు. రోజూ తాగే మనిషి ఒక్కసారి ఆపేస్తే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మతి తప్పి, లేనివి కనబడి, ఒళ్లు కాలిపోయే పరిస్థితి రావొచ్చు. సమయానికి వైద్యం అందకపోతే చనిపోతారు కూడా. ఆల్ప్రాజోలమ్ లాంటి మాత్రలకు అలవాటు పడ్డవాళ్లకూ ఫిట్స్ ప్రమాదం ఉంది, అది మాత్ర రకాన్ని బట్టి కొన్ని రోజులు ఆలస్యంగా కూడా రావొచ్చు.

ఆరో రోజున మీ కంటికి ఆనేంత వణుకు, చెమటలు ఉన్నాయంటే వాడు గంజాయి ఒక్కటే వాడుతున్నాడని నేను అనుకోను. రూముల్లో ఉండే కుర్రాళ్లలో ఒక్క అలవాటు ఉన్నవాడు తక్కువ. రాత్రి మందు, దాని మీద గంజాయి, పొద్దున లేవడానికో నిద్రపోవడానికో మాత్రలు. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు కూడా ఈ మధ్య చాలా చూస్తున్నాం. పోలీసులకు దొరికింది గంజాయి గనక కేసు గంజాయిది. ఒంట్లో ఏముందో కేసు కాగితం చెప్పదు. జైలు డాక్టరుకు కూడా "గంజాయి కేసు" అనే తెలుస్తుంది, మిగతాది ఎవరూ చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక జైల్లో కళ్లారా చూశాను. కొట్లాట కేసులో వచ్చిన తాపీ మేస్త్రీ. రోజూ కల్లు తాగే మనిషి. వచ్చిన రోజు "మందు అలవాటుందా" అని అడిగితే లేదన్నాడు. ఆయన లెక్కలో కల్లు మందు కిందకి రాదు. మూడో రోజు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు చొక్కా మీద ఒలికిపోతున్నాయి. పక్కవాళ్లు నాటకమన్నారు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసేస్తే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎలా పోటెత్తారో పేపర్లలో చూసే ఉంటారు. అదే మనిషిని జైలుకు తెస్తే ఆ లాక్‌డౌన్ ఒక్కడికే మొదలవుతుంది. అందుకే ఇప్పుడు నేను "మందు తాగుతావా" అని అడగను. "కల్లు, సారా, బీరు, మాత్ర, సిరప్, సొల్యూషన్, ఏది, ఎప్పుడు చివరిసారి" అని ఒక్కొక్కటీ అడుగుతాను. డ్రంకెన్ డ్రైవ్‌లో కొన్ని రోజుల శిక్ష పడి వచ్చేవాళ్ల గురించీ నాకు ఇదే భయం. వాళ్లు లోపల ఉండే ఆ రోజులే ఒంటికి అత్యంత ప్రమాదకరమైన రోజులు, "నాలుగు రోజులే కదా" అని ఎవరూ పట్టించుకోరు.

కాబట్టి రేపే చేయాల్సిన పని: వాడి రూమ్మేట్ల దగ్గరో, వాళ్ల ఇళ్లవాళ్ల దగ్గరో నిజం రాబట్టండి. ఏమేం వాడేవాడు, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు, గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇంతకుముందు ఎక్కడైనా వైద్యం చేయించుకున్నాడా. అవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, జైలు సూపరింటెండెంటుకు, "జైలు వైద్యాధికారి గారికి తెలియజేయవలసిందిగా" అని అర్జీ పెట్టండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. పాత మందుల చీటీలుంటే జిరాక్స్ జతచేయండి. నోటితో చెప్పింది వార్డరు మారితే పోతుంది, ముద్ర ఉన్న కాగితం పోదు. "ఇలా రాసిస్తే కేసు ఇంకా గట్టిపడుతుందేమో" అనే భయం మీకు రావొచ్చు. అర్జీలో గంజాయి ఎక్కడ కొన్నాడు, ఎవరికిచ్చాడు లాంటివి ఏమీ రాయనక్కర్లేదు. ఒంటికి సంబంధించింది మాత్రమే రాయండి, ఇచ్చేముందు లాయరుకు ఒకసారి చూపించండి. కానీ లాయరు దొరకలేదని రెండు రోజులు ఆగకండి. అదే రోజు లాయరు ద్వారా మేజిస్ట్రేట్ ముందు కూడా వైద్య పరీక్ష, చికిత్స కోరుతూ పిటిషన్ వేయించవచ్చు. రిమాండు పొడిగింపుకు వీడియోలో హాజరుపరిచినప్పుడు వాడు స్వయంగా జడ్జిగారికి చెప్పుకోవచ్చు కూడా. సిగ్గుపడి చెప్పడు, అందుకే ములాఖత్‌లో మీరు ముందే చెప్పి ఉంచండి.

లోపల చికిత్స దొరుకుతుందా అంటే, దొరకాలనే చట్టం చెబుతోంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017లో మానసిక అనారోగ్యం అంటే మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక పరిస్థితులు కూడా కలిసే ఉన్నాయి. ఖైదీలకు ఆ వైద్యం అందాలని సెక్షన్ 103 చెబుతుంది, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక వైద్య కేంద్రం ఉండాలని కూడా. ఆచరణలో జైలును బట్టి ఉంటుంది. పెద్ద కేంద్ర కారాగారాల్లో వారంలో కొన్ని రోజులు సైకియాట్రిస్ట్ వస్తారు, కౌన్సెలర్లుంటారు, కొన్నిచోట్ల డీ-అడిక్షన్ కేంద్రాలు కూడా పెట్టారు. సబ్‌జైళ్లలో ఒక డాక్టరు ఉంటే గొప్ప. అక్కడ వైద్యం కుదరదంటే ప్రభుత్వ ఆస్పత్రికి ఎస్కార్టుతో పంపమని అడిగే హక్కు మీకుంది. వణుకు తగ్గడానికి ఇచ్చే మందులు, విటమిన్ బి1 ఇంజక్షన్లు చవకైనవే, ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా ఉంటాయి. కొరత మందులకు కాదు, సమయానికి అడిగి చూసే మనిషికి.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కొడుకు మీద ప్రేమ లేక అన్న మాట కాదది, అలసిపోయి అన్న మాట. కానీ ఆ మాటతో నేను ఏకీభవించలేను. జైల్లో మత్తు దొరకదు గనక మానేస్తాడన్నది ఆయన నమ్మకం. ఒంట్లోంచి మత్తు దిగిపోవడం వేరు, అలవాటు పోవడం వేరు. లోపల నాలుగు నెలలు ముట్టనివాడు గేటు బయట అదే ఫోను, అదే స్నేహితులు, అదే రూము కనబడగానే ఆ సాయంత్రమే మొదలుపెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. చికిత్స అంటే ఆ సాయంత్రానికి మనిషిని తయారు చేయడం. గోడల మధ్య ఉంచితే ఆ తయారీ దానంతట అది జరగదు.

ఇంకొకటి కూడా ఆయనకు చెప్పండి. గంజాయి కేసుల బ్యారక్‌లో వాడి పక్కన పడుకునేది ఎవరు? ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి సరుకు మోసుకొచ్చి దొరికినవాళ్లు, మోయించినవాళ్ల మనుషులు. 2021లో ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. అయినా రవాణా ఆగలేదు, ఎందుకంటే ఒక్క ట్రిప్పుకు కొన్ని వేలిస్తామంటే ఒప్పుకునే కుర్రాళ్లు దొరుకుతూనే ఉన్నారు. అలాంటి కుర్రాళ్లను వెతుక్కోవడానికి జైలుకు మించిన చోటు లేదు. తాగేవాడిగా లోపలికి వెళ్లి మోసేవాడిగా బయటికొచ్చినవాళ్లున్నారు. తాగినందుకు పడే కేసుకూ, మోసినందుకు పడే కేసుకూ మధ్య తేడా నెలలకూ 20 ఏళ్లకూ మధ్య తేడా.

చట్టం సంగతికి వద్దాం. మత్తుపదార్థాల కేసులన్నీ పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 ప్రకారం అంతా బరువు మీద నడుస్తుంది. గంజాయికి 1 కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, మధ్యలోది మధ్యలో. చిన్న పరిమాణానికి ఏడాది వరకు కఠిన కారాగారం లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మధ్యదానికి 10 ఏళ్ల వరకు. వాణిజ్య పరిమాణమైతే 10 నుంచి 20 ఏళ్లు, పైగా సెక్షన్ 37 కింద బెయిల్ రావడం చాలా కష్టం. వాడినందుకు మాత్రమే పెట్టే సెక్షన్ 27 వేరే ఉంది. గంజాయి లాంటివాటికి అందులో 6 నెలల వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా లేదా రెండూ. వేరే మత్తుపదార్థాలకు ఈ బరువులు చాలా తక్కువ. హెరాయిన్‌కు చిన్న పరిమాణం 5 గ్రాములే, పార్టీల్లో వాడే ఎండీఎంఏ అనే మత్తుమందుకు అర గ్రాము. పైగా 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మత్తుమందులో కలిపిన పిండి బరువు కూడా లెక్కలోకే వస్తుందని చెప్పింది. అందుకని ముందు ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకుని బరువు ఎంత రాశారో, ఏ సెక్షన్లు పెట్టారో మీరే చదవండి. 800 గ్రాములు ముగ్గురి మీద కలిపి రాశారా, విడివిడిగా రాశారా అన్నది కూడా చూడండి. 29 అని కనబడితే అది కుట్ర సెక్షన్, 27ఎ అని కనబడితే అది డబ్బు పెట్టినవాళ్ల మీద, ఆశ్రయమిచ్చినవాళ్ల మీద వేసేది. అది ఉంటే మాత్రం వెంటనే మంచి లాయరు కావాలి.

మీరు చెప్పినట్టే 1 కిలో లోపే అయితే మీ తమ్ముడికి చట్టంలోనే రెండు తలుపులున్నాయి.

మొదటిది సెక్షన్ 64ఎ. సెక్షన్ 27 కింద గానీ, చిన్న పరిమాణం కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపే లేదా గుర్తించిన ఆస్పత్రిలో డీ-అడిక్షన్ చికిత్స తీసుకుంటే, అతని మీద ఆ కేసు నడవదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. మీకు ఎవరో చెప్పిన "చికిత్స తీసుకుంటే కేసు పోతుంది" అన్న మాట ఇదే. 2001లో కొకైన్ కేసులో ఇరుక్కున్న ఒక హిందీ సినీ నటుడికి ముంబైలోని కోర్టు 2012లో ఈ సెక్షన్ కిందే విముక్తి ఇచ్చింది. పేరున్నవాడికి దొరికింది గనక పేపర్లలో వచ్చింది, కానీ ఆ సెక్షన్ పేరు లేనివాళ్ల కోసం కూడా రాసిందే.

రెండోది సెక్షన్ 39. ఇది నేరం రుజువయ్యాక పనికొచ్చేది. శిక్ష వేసే బదులు, అతని ఒప్పుదలతో, బాండు రాయించుకుని చికిత్సకు పంపే అధికారం జడ్జికి ఉంది. ఏడాది లోపు చికిత్స ఫలితం ఏమైందో కోర్టుకు రిపోర్టు ఇవ్వాలి. అది బాగుంటే మందలించి, మూడేళ్ల వరకు ఈ నేరాల జోలికి పోనని బాండు తీసుకుని వదిలేయొచ్చు.

ఇన్నేళ్లలో నాకు బాగా బాధ కలిగించే విషయం, ఈ రెండు సెక్షన్లూ ఎవరూ అడగరు. చిన్న పరిమాణం కేసుల్లో చాలామంది కోర్టు చుట్టూ తిరగలేక ఒప్పేసుకుని జరిమానా కట్టి బయటపడతారు. లాయరుకూ పని తొందరగా అయిపోతుంది, కోర్టుకూ ఒక కేసు తగ్గుతుంది, వాడు ఆరు నెలల్లో మళ్లీ దొరుకుతాడు. అప్పటికి పాత శిక్ష రికార్డులో ఉంటుంది. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మత్తుపదార్థాలకు బానిసలైన 20 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. కోర్టుకు వచ్చినవాడు కనీసం ఒక అధికారి కంటబడ్డాడు కదా, అక్కడైనా చికిత్స దారి చూపకపోతే ఇంకెక్కడ?

64ఎ అడిగేముందు మీ లాయరుతో ఒక విషయం తేల్చుకోవాలి. ఆ సెక్షన్ కింద వెళ్లడమంటే "నేను దీనికి బానిసను" అని కోర్టు ముందు చెప్పడం. కేసులో మీ వాదన "ఆ సరుకు మాది కాదు, అక్రమంగా ఇరికించారు" అయితే ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసుగుతాయా, ఏ దశలో పిటిషన్ వేయాలి అన్నది లాయరు నిర్ణయించాలి. కోర్టుకో పద్ధతి కనబడుతుంది నాకు. అలాగే, చట్టం దృష్టిలో వ్యసనపరుడంటే దాని మీద ఆధారపడినవాడు. ఎప్పుడో రెండుసార్లు తాగినవాడికి ఇది వర్తించదు. సరదాకు ముట్టుకుని దొరికినవాడి కంటే పీకల్లోతు మునిగినవాడికి మెరుగైన దారి ఉండటం విచిత్రంగా అనిపించొచ్చు. అందుకని లేని వ్యసనం ఉందని సర్టిఫికెట్ కోసం ప్రయత్నించకండి. ప్రభుత్వ సైకియాట్రిస్ట్ పరీక్ష చేసి, ఎన్నేళ్లుగా, ఎంత, మానితే ఏమవుతోంది అన్నీ రాసుకుని గానీ ఇవ్వరు. మీ తమ్ముడి వణుకు, నిద్రలేమి జైలు ఆస్పత్రి రికార్డులో ఈ వారమే ఎక్కితే, రేపు ఆ రికార్డే వాడికి సాక్ష్యమవుతుంది. అర్జీ రేపే పెట్టమనడానికి ఇది రెండో కారణం.

బెయిల్ విషయంలో చిన్న పరిమాణానికి సెక్షన్ 37 అడ్డు రాదు గనక మామూలుగా ఎక్కువ రోజులు పట్టదు. షూరిటీలు మీ నాన్నగారే ఇవ్వాలని లేదు, మేనమామైనా బాబాయైనా ఇవ్వొచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మత్తు బాధితుల కోసం జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) వాళ్లు 2015లో ప్రత్యేక పథకమే తెచ్చారు.

కొందరు లాయర్లు "చికిత్స తీసుకుంటాననే షరతు మీద బెయిల్ అడుగుదాం" అంటారు. జడ్జిగారికి బాగానే కనబడుతుంది. నా అనుభవంలో మాత్రం దానికి నేను కొంచెం వెనకాడతాను. ఈ జబ్బులో ఒకటి రెండుసార్లు జారిపడటం మామూలు. షరతుగా రాసుకుంటే ఆ జారడమే బెయిల్ రద్దుకు కారణమవుతుంది. షరతు లేకుండా బెయిల్ తీసుకుని, తనంతట తానే ఆస్పత్రికి వెళ్లి, ఆ కాగితాలు కోర్టుకు చూపిస్తే మంచిది. 64ఎలో "స్వచ్ఛందంగా" అన్న మాటకూ అదే సరిపోతుంది.

మరి ఎక్కడికి తీసుకెళ్లాలి? మీకు హైదరాబాద్ దగ్గర గనక ఎర్రగడ్డలోని మానసిక వైద్య సంస్థ. ఇది చదివే ఆంధ్రావాళ్లకు విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే పునరావాస కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరలో ఏది ఉందో 14446కు ఫోన్ చేస్తే చెబుతారు, అది ఆ శాఖ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మనసు విప్పి మాట్లాడుకోవడానికి టెలీ-మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మీరూ, మీ అమ్మగారూ కూడా మాట్లాడొచ్చు.

ప్రైవేటు రీహాబ్‌ల దగ్గర జాగ్రత్త. మంచివి ఉన్నాయి. కానీ "కోర్టు సర్టిఫికెట్ మేమిస్తాం" అని వేలకు వేలు గుంజే కేంద్రాలు కూడా ఉన్నాయి. 39, 64ఎ రెండింటిలోనూ ప్రభుత్వం నడిపేది లేదా గుర్తించినది అని స్పష్టంగా రాసి ఉంది. ఆ గుర్తింపు లేని చోట ఆరు నెలలున్నా ఆ కాగితానికి కోర్టులో విలువ ఉండదు. చేర్చే ముందే గుర్తింపు పత్రం, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమనండి, జిరాక్స్ అడగండి. సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తారు, ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా అని అడగండి. "మూడు నెలలు ముఖం చూడకూడదు" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. గొలుసులతో కట్టడం, ఏ రూపంలోనైనా, 2017 చట్టం నిషేధించింది. ఇంకోటి, మందు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రను మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దాని మీద మందు తాగితే ప్రాణాలకే ముప్పు.

విడుదలయ్యాక మొదటి రెండు వారాలు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ "హమ్మయ్య, బయటికొచ్చాడు" అని ఊపిరి పీల్చుకునే సమయం ఇదే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం, అదే వయసు మామూలు జనంతో పోలిస్తే 12 రెట్లకు పైగా ఉంది. మత్తు ఎక్కువై చనిపోయే ప్రమాదమైతే 129 రెట్లు. కారణం ఒంటి తట్టుకునే శక్తి. లోపల ముట్టకుండా ఉన్నన్నాళ్లలో ఆ శక్తి తగ్గిపోతుంది, మనసుకు మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. హెరాయిన్, నొప్పి మాత్రలు, ఇంజక్షన్లు వాడేవాళ్లకు ఇది మరీ ప్రాణాంతకం. గంజాయి ఒక్కటే అయితే ఆ ప్రమాదం లేదు, కానీ మీ తమ్ముడు ఇంకేమేం వాడాడో మనకింకా తెలియదు. ఒకవేళ నొప్పి మాత్రలే అని తేలితే, బుప్రెనార్ఫిన్ లాంటి మందుతో చేసే చికిత్స ఉంది. తీహార్ జైల్లో 2008లోనే మొదలుపెట్టారు. దాన్ని "ఒక మత్తుకు బదులు ఇంకో మత్తు" అని తీసిపారేయకండి, ప్రాణం నిలబెట్టే మందు అది. గంజాయికైతే అలాంటి మందు లేదు. నిద్రకు, ఆందోళనకు కొన్నాళ్లు ఇస్తారు, అసలు వైద్యం కౌన్సెలింగే.

అందుకని బెయిల్ కాగితం చేతికొచ్చే రోజుకే ఆస్పత్రిలో ఓపీ రోజు ఏదో కనుక్కుని ఉంచండి. జైలు గేటు దగ్గర నుంచి వీలైతే నేరుగా, లేకపోతే మర్నాడు తీసుకెళ్లండి. జైలు ఆస్పత్రి ఏ మందులు ఇచ్చిందో చీటీ అడిగి తీసుకోండి, లేకపోతే మందులు హఠాత్తుగా ఆగిపోతాయి. పాత రూముకు సామాను కోసం కూడా వాణ్ణి పంపకండి, మీరే వెళ్లి ఖాళీ చేయండి. సిమ్ మార్చడానికి వాడే ఒప్పుకుంటే మంచిది, లాక్కుంటే ఇంకోటి కొంటాడు. చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తం డబ్బు ఇవ్వకండి. ఊరికి తీసుకెళ్లిపోవడం కొందరికి పనిచేస్తుంది, కానీ రోజంతా పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టి బంధువులందరి ముందూ ఏడిపిస్తే అదే మళ్లీ తరిమేస్తుంది. పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటుండాలి, చిన్న పనైనా సరే.

మూత్ర పరీక్ష గురించి ఒక సంగతి మీకు తెలిసుండాలి. రోజూ బాగా తాగినవాడికి మానేశాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ రావొచ్చు. మొదటి నెలలో పాజిటివ్ వచ్చిందని "మళ్లీ తాగావు" అని ఇంట్లో యుద్ధం చేయకండి. డాక్టరుకే వదిలేయండి, వరుస పరీక్షల్లో తగ్గుతోందో లేదో వాళ్లు చూస్తారు.

కోర్టు విషయంలో ఒక తల్లి చేసిన పని మీకు చెబుతాను, నేను ఇప్పుడు అందరికీ అదే చేయమంటాను. ఆమెకు చదువు రాదు. కొడుకు ప్రతి ఓపీ చీటీ, మందుల బిల్లు, కౌన్సెలింగ్ కార్డు, పరీక్ష రిపోర్టు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో తారీఖుల వరుసలో పెట్టింది. ఒక్క చీటీ వెనకా ముందూ కాలేదు, ఎందుకంటే ఏదొచ్చినా అట్టడుగున పెట్టేది. వాయిదా రోజున లాయరు ఆ కవరును అలాగే జడ్జిగారికి అందించాడు. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశారు, మధ్యలో నెల రోజులు ఖాళీ కనబడితే అక్కడ ఆగి ఏమైందని కుర్రాణ్ణే అడిగారు. జారానని, మళ్లీ వెళ్లానని వాడు చెప్పాడు. చెప్పగలిగాడు, ఎందుకంటే తర్వాతి చీటీలు ఆ కవరులోనే ఉన్నాయి. అమెరికాలో 1989లో మయామీలో మొదలైన డ్రగ్ కోర్టుల్లో ఇదే పని పద్ధతిగా జరుగుతుంది. జడ్జి ప్రతి కొన్ని వారాలకూ అదే మనిషిని పిలిచి చికిత్స ఎలా సాగుతోందని అడుగుతారు. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. ఉంటే బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అది వచ్చేదాకా ఆ కవరు మీరే తయారు చేసుకోవాలి.

వాయిదాలు మాత్రం ఒక్కటీ తప్పనివ్వకండి. మత్తులో పడి వాయిదాకు వెళ్లక నాన్ బెయిలబుల్ వారెంట్ పడ్డవాళ్లు, చిన్న కేసు నుంచి మళ్లీ జైలుకు వెళ్లినవాళ్లు చాలామంది. వాయిదా రోజు, ఓపీ రోజు ఒకే క్యాలెండరు మీద రాసి గోడకు తగిలించండి.

ఈ వారం ములాఖత్‌లో వాణ్ణి తిట్టకండి, కేసు గురించి అక్కడ మాట్లాడకండి, చుట్టూ వినేవాళ్లుంటారు. మూడు విషయాలు అడగండి: గంజాయి కాక ఇంకేం వాడావు, ఫిట్స్ గానీ లేనివి కనబడటం గానీ జరిగిందా, డాక్టరు చూశాడా. రెండోదానికి అవునన్నాడంటే, అక్కడి నుంచి కదలకుండా, సూపరింటెండెంటును కలిసి వెంటనే ఆస్పత్రికి పంపమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే అక్కడి నుంచే లాయరుకు, 15100కు ఫోన్ చేయండి.